స్కూటీ పేజీ మీద పుర్రె బొమ్మ

పోయిన నెల మా వీధి చివర ఒక సమోసా బండి వెలిసింది. బండికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మొదటి వాయి ఇంకా నూనెలోంచి తియ్యకముందే దాని నుదుటి మీద పెద్ద హిందీ అక్షరాల్లో 'మశహూర్ సమోసా' అని రాసేశారు. మశహూర్ అంటే ప్రసిద్ధి చెందినది. నేను రెండో గిరాకీని. మొదటివాడు బండివాడి బావమరిది. ఆ లెక్కన ఆ ప్రసిద్ధి అంతా మా ఇద్దరి భుజాల మీదే ఉండాలి. సమోసాలో ఉప్పు లేదు. దాని గురించి నాకు పేచీ లేదు, ఉప్పు రేపైనా వేసుకోవచ్చు. ఆ బోర్డు చూసినప్పుడల్లా మాత్రం నాకు అరికాలి నుంచి చిరాకు ఎక్కుతుంది.

బోర్డుల మీద చిరాకు పడే అర్హత నాకు లేదంటుంది మా ఆవిడ. ఆమెకు ఈ కథ తెలుసు. నా తర్వాత ఈ పనిలోకి వచ్చిన మీకు తెలీదు కాబట్టి చెప్తున్నాను. ఇందులో నేను బాగా కనిపించే చోట్లు తక్కువ. వెతుక్కోవద్దు.

ముప్పై ఏళ్లకు పైగా కంప్యూటర్లు నేర్పి బతికాను. చివరి నాలుగేళ్లు భిలాయిలో ఒక సంఘం వాళ్ల హాల్లో పెద్దవాళ్లకు సాయంత్రం క్లాసులు నడిపాను. మూడు నెలల కోర్సు. ఫొటో తియ్యడం, వీడియో కత్తిరించడం, ఆఖర్న ఎవరి వెబ్‌సైట్ వాళ్లు కట్టుకోవడం. ఎనిమిది కంప్యూటర్లు, పద్నాలుగు మంది. పెద్దవాళ్లంటే నిజంగానే పెద్దవాళ్లు. సగానికి సగం ఉక్కు ప్లాంటులో రిటైరైనవాళ్లు. మిగతావాళ్లు ఇంట్లోంచి ఏదో ఒక పని మొదలుపెడదామనుకుంటున్న ఆడవాళ్లు. అందరి తాతలూ తండ్రులూ విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్లే. తెలుగులో పలకరించుకుని, హిందీలో దెబ్బలాడుకుని, మళ్లీ తెలుగులో టీ తాగేవారు.

వాళ్ల మంచితనం గురించి చెప్పాలంటే ఒక్క సంగతి చాలు. ఒక రిటైర్డు గుమస్తాగారు మూడు వారాలు కష్టపడి తన వెబ్‌సైట్ పూర్తి చేసి, దాన్ని ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, నాకు కానుకగా ఇచ్చారు. ఇప్పటికీ మా బీరువాలో ఉంది. నేను కట్టించిన వెబ్‌సైట్లలో ఇంతవరకు ఒక్కసారి కూడా ఆగిపోనిది అదొక్కటే.

ఈ కథకు అవసరమైనవాళ్లు ఇద్దరే. ఒకాయన ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనాయన. పార్వతీపురం దగ్గరి మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాటకు ముందు ఒక చిన్న దగ్గు. ఎడమ చేతికి మూడే వేళ్లు. టైపింగ్ ఆలస్యమయ్యేది గానీ తప్పు పోయేది కాదు. రెండో మనిషి ఊళ్లోనే కోహ్కా పేటలో ఉండే ఆవిడ, నలభై దాటి ఉంటాయి. భర్త రైల్వేలో చేసేవాడు, నడుం దెబ్బతిని ఇంటిపట్టున ఉన్నాడు. ఆవిడ పొద్దున్న ఆరింటికి టౌన్‌షిప్ సెక్టారు గ్రౌండులో ఆడవాళ్లకు స్కూటీ నేర్పేది. అందరూ స్కూటీ దీదీ అనేవారు. ఫోర్‌మన్‌గారిని ఆవిడ బాబాయ్ అనేది. చుట్టరికం ఏమీ లేదు, ఇద్దరి ఇళ్లలోనూ ఒకే రకం ఆవకాయ పెడతారు, అంతే.

మొదటి తప్పు మొదటి వారమే చేశాను. ప్లాంటు మనుషులకు అర్థమయ్యే భాషలో చెప్దామని, వెబ్‌సైట్ అంటే ఇరవై నాలుగు గంటలూ నడిచే మిషను లాంటిది అన్నాను. నా పోలికకు నేనే మురిసిపోయి కాసేపు ఆగాను. ఫోర్‌మన్‌గారు చెయ్యెత్తారు.

"నడుస్తున్నప్పుడే దాన్ని రిపేరు సేస్తామేటి సార్?"

"నడుస్తుండగానే చేస్తామండి. ఆపక్కర్లేదు. చెయ్యి పెట్టినా ఏమీ కాదు" అన్నాను.

భిలాయిలో ఏడుగురు ప్లాంటు మనుషుల ముందు నిలబడి, నడుస్తున్న మిషనులో చెయ్యి పెట్టమని చెప్పిన మొదటి మాస్టారిని బహుశా నేనే. ఒకాయన తల దించుకున్నాడు. ఫోర్‌మన్‌గారు చిన్నగా దగ్గి, నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. నా మాట కాదు, కొనాల్సిన రిజిస్టరు సంగతని తర్వాత తెలిసింది.

మర్నాడు ఆయన ఒక పొడుగాటి రిజిస్టరు కొనుక్కొచ్చి నా బల్ల మీద పెట్టారు. తేదీ, షిఫ్టు, చేసిన పని, మిగిలిన పని, సంతకం, ఇలా గళ్లు గీసి ఉన్నాయి. పద్ధతి కూడా ఆయనే వివరించారు. ఎవరైనా ఒక పేజీని మార్చాలంటే ముందు దానికి షట్‌డౌన్ తీసుకోవాలి, అంటే ఆపాలి. ఆపినట్టు దాని మీద తన పేరుతో ఒక ఎర్ర ట్యాగు వెయ్యాలి. పని అయ్యాక ట్యాగు వేసినవాడే తియ్యాలి. ఇంకెవడూ ముట్టుకోకూడదు. ఇన్‌చార్జి వచ్చినా, జనరల్ మేనేజరు వచ్చినా. పని సగంలో వెళ్లిపోవాల్సొస్తే రిజిస్టరులో రాసి తర్వాతి షిఫ్టుకు అప్పజెప్పాలి. ఇక్కడ తర్వాతి షిఫ్టు ఎవరండీ అని అడిగాను. "మీరే కదా సార్" అన్నారాయన.

నాకు సరదాగా అనిపించింది. రోజూ సాయంత్రం ఆయన రాసేవారు, నేను సంతకం పెట్టేవాణ్ని. చదివేవాణ్ని కాదు. డిగ్రీ చదివినవాళ్లకు ఒక రోగం ఉంటుంది, ఎదుటివాడి పద్ధతి ముచ్చటగా ఉందనుకుంటే ఇక దాన్ని పట్టించుకోవడం మానేస్తారు.

రెండో తప్పు సౌకర్యం కోసం చేశాను. పద్నాలుగు మంది పాస్‌వర్డులు పద్నాలుగు రకాలుగా మర్చిపోతుంటే విసిగిపోయి, సైట్లన్నీ ఒకే ఖాతా కిందికి తెచ్చాను. దాని తాళం ఫోర్‌మన్‌గారికిచ్చాను. క్లాసు మొత్తంలో పాస్‌వర్డు మర్చిపోనిది ఆయనొక్కరే. నన్ను కూడా కలిపి చెప్తున్నాను.

మూడో తప్పు గొప్పది. దాన్ని నేను ఆ రోజుల్లో నా ప్రతిభ అనుకునేవాణ్ని.

పెద్దవాళ్లకు పేజీ కట్టడం వచ్చేది గానీ, దాని మీద ఏం రాయాలో తోచేది కాదు. పేరు, ఫోన్ నంబరు పెట్టి చేతులు కట్టుకుని కూర్చునేవారు. అప్పుడు నేను రంగంలోకి దిగేవాణ్ని. నాకు హిందీలో వాక్యం బాగా పడుతుందని పేరు. ఇంట్లో పచ్చళ్లు పెట్టే ఆవిడ 'తరతరాల రుచి వారసత్వం' అయింది. ఒక్క మిషనున్న దర్జీ 'ఫ్యాషన్ ప్రపంచంలో నమ్మకమైన పేరు' అయ్యాడు. ఆయన చదివి, "ఎవరి గురించి సార్?" అని అడిగాడు.

స్కూటీ దీదీ పేజీకి నేను ప్రత్యేకంగా కష్టపడ్డాను. 'వందలాది మహిళల ఆత్మవిశ్వాసానికి చిరునామా. మా దగ్గర నేర్చుకున్నవారిలో నేటి వరకు ఒక్కరు కూడా కింద పడలేదు.' చదివి వినిపించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం కొంగు వేలికి చుట్టుకుంటూ, "సర్, పడ్డారు కదా. పదకొండు మంది" అంది.

ఆవిడ దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఎవరు పడ్డారు, ఎక్కడ, ఎందుకు, దెబ్బ ఎంత, అన్నీ హిందీలో రాసుకునేది. అసలు ఆవిడ మొదటిరోజు ఇంజను స్టార్టే చెయ్యనిచ్చేది కాదట. బండిని కింద పడుకోబెట్టించి, మళ్లీ లేపించేది. పడిన బండిని ఒంటరిగా లేపగలిగిన ఆడదానికి సగం భయం పోతుందని ఆవిడ లెక్క. ఆ లెక్క అప్పుడే చెప్పింది. నేను వినలేదు.

"నిజంగా పడితే పడ్డారు గానీ, వెబ్‌సైట్‌లో పడకూడదమ్మా" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఫోర్‌మన్‌గారు కూడా నవ్వలేదు గానీ, ఆయన ఎలాగూ నవ్వరు కదా అనుకున్నాను.

ఇలా ఉండగా ఒక శుక్రవారం పొద్దున్న ఆవిడ నాకు ఫోన్ చేసింది. దుర్గ్‌లో ఒక నర్సింగ్ కాలేజీ వాళ్లు తమ అమ్మాయిలకు స్కూటీ నేర్పించాలనుకుంటున్నారు. ఆ పిల్లలు రేపు ఉద్యోగాల్లో ఇంటింటికీ తిరగాలి. పోటీలో ఇద్దరే మిగిలారు, ఒక మోటార్ ట్రైనింగ్ స్కూలు, ఈవిడ. ప్రిన్సిపాల్‌గారు వెబ్‌సైట్ లింకు పంపమన్నారు. సోమవారం పదకొండింటికి ముగ్గురు కూర్చుని రెండూ చూస్తారు, ఇద్దర్నీ పిలిచి మాట్లాడతారు.

"ఇది రాకపోతే ఒకటో తారీఖు నుంచి మా బావగారి బట్టల కొట్లో కూర్చోవాలి సర్. మాట ఇచ్చీసాను" అంది. ఇంట్లో వాళ్లు రెండేళ్లుగా పోరుతున్నారట, ఎండలో ఆ స్కూటీ వెనక పరుగులేమిటి, నీడపట్టున కొట్లో కూర్చోరాదా అని. ఈ ఒక్క పని వస్తే సాగుతుంది, రాకపోతే ఇక ఎదురు చెప్పడానికి ఏమీ మిగలదు. ఆవిడ ఏడుపుగొట్టు మనిషి కాదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

"నిశ్చింతగా ఉండమ్మా, ఆ పేజీ చూశాక ఇంక వాళ్లకు రెండో ఆలోచన ఉండదు" అన్నాను. ఈ సంగతి ఫోర్‌మన్‌గారికి చెప్పాలని తోచలేదు. రిజిస్టరులో రాయాలని అసలే తోచలేదు. శనివారం సాయంత్రం ఒక పెళ్లి భోజనం ఉంటే క్లాసు మధ్యలో వెళ్లిపోయాను. వెళ్తూ వెళ్తూ ఆ రోజు గడిలో ముందే సంతకం పెట్టేశాను. పనస పొట్టు కూర బాగుంది. ఆ రోజు గురించి నేను చెప్పుకోదగ్గ మంచి సంగతి అదొక్కటే.

సోమవారం తొమ్మిదిన్నరకు నేను పేపరు చదువుతుండగా ఫోన్ మోగింది.

"సర్, నా సైటు మీద పుర్రె బొమ్మ ఉన్నాది" అంది స్కూటీ దీదీ.

నా ఫోన్‌లో తెరిచి చూశాను. వందలాది మహిళలు లేరు, ఆత్మవిశ్వాసం లేదు. తెర నిండా ఎర్ర రంగు. మధ్యలో పుర్రె, దాని కింద రెండు ఎముకలు. బొమ్మ చాలా శుభ్రంగా ఉంది, ఫొటోల క్లాసులో నేను నేర్పినట్టే అంచులు మృదువుగా కత్తిరించారు. కింద హిందీలోనూ తెలుగులోనూ: 'ప్రమాదం. పని జరుగుచున్నది. నడపరాదు.' దాని కింద ట్యాగు వేసినవారి పేరు, తేదీ, సమయం.

స్కూటీ నేర్పే స్కూలు వెబ్‌సైట్ మీద 'నడపరాదు' అని.

నేను హాలుకు చేరేసరికి ఆవిడ గుమ్మం దగ్గర స్కూటీ మీదే ఉంది. లోపలికి వెళ్లి నా పాస్‌వర్డు కొట్టాను. పట్టలేదు. ట్యాగు వేసినవాడు తాళం మార్చాలన్నది కూడా పద్ధతిలో భాగమేనని అప్పుడు గుర్తొచ్చింది. ఫోర్‌మన్‌గారి ఇంటికి ఫోన్ చేస్తే, ఆయన తెల్లవారుజాము రైలుకి పార్వతీపురం వెళ్లారని, మేనల్లుడి గృహప్రవేశమని వాళ్లావిడ చెప్పింది. ఆయన ఫోన్ పలకడం లేదు. రైలు ఒడిశా అడవుల్లో ఎక్కడో ఉండి ఉంటుంది.

అప్పుడు రిజిస్టరు తెరిచాను. సంతకానికి కాకుండా చదవడానికి తెరవడం అదే మొదటిసారి. శనివారం గడిలో ఆయన గుండ్రటి చేతిరాత.

'స్కూటీ పేజీ. నాలుగో లైను: ఒక్కరు కూడా పడలేదు అని ఉన్నది. యజమాని లెక్క ప్రకారం పదకొండుగురు పడినారు. లైను తప్పు. ఇది నమ్మి వచ్చినవారు జాగ్రత్త తగ్గించుకొనే అవకాశం కలదు. సురక్షితం కాదు. షట్‌డౌన్ తీసుకున్నాను. ఇన్‌చార్జి గారు దిద్దిన లైను ఇక్కడ రాసి, నాకు ఫోన్ చేసిన ఎడల ట్యాగు తీసెదను. సోమవారం ఊరికి వెళ్లుచున్నాను. ఆదివారం రోజంతా ఇంటి వద్దనే ఉందును.'

పక్కన నా సంతకం. అందంగానే ఉంది.

ఆదివారం రోజంతా ఆయన నా ఫోన్ కోసం ఇంటి దగ్గర కూర్చున్నారన్నమాట. నేను రెండు పూటలా నిద్రపోయాను.

స్కూటీ దీదీ నా భుజం మీదుగా చదివింది. హ్యాండ్‌బ్యాగు తెరిచి నోటుబుక్కు ఉందో లేదో చూసుకుని మూసింది. నేను మళ్లీ మళ్లీ డయల్ చేశాను. ఏడోసారో ఎనిమిదోసారో రైలు చప్పుడు మధ్యలో ఆయన గొంతు దొరికింది. హడావుడిగా సంగతంతా చెప్పి, పాస్‌వర్డు చెప్పండి బాబూ అన్నాను.

"లైను దిద్దీసారా సార్?"

"దిద్దుతానండి. ముందు తాళం చెప్పండి. ఇంకో గంటలో వాళ్లు చూస్తారు."

"దిద్దకుండా ఎలగ తీమంటారు సార్?" ఆయన గొంతులో కోపం లేదు, ఇబ్బంది ఉంది. "మిల్లులో ఒకడు ఇలగే తొందరని నా ట్యాగు తీసీసినాడు. నా సెయ్యి లోపలే ఉన్నాది."

లైను తెగిపోయింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా దొరకలేదు. రెండు నెలలుగా ఆ చేత్తో ఆయన నా ముందు టైపు చేస్తున్నారు. ఎప్పుడూ అడగలేదు. అడక్కపోవడం మర్యాద అనుకున్నాను.

పదీపావు అయింది. "కూర్చోండి సర్, వెళ్దాం" అంది ఆవిడ. నేను వెనక కూర్చున్నాను. నాకు స్కూటీ రాదు. పెద్ద రోడ్డు మీద లారీల మధ్య ఆవిడ ఎంత నిదానంగా తీసుకెళ్లిందంటే, దారంతా ఆలోచించుకోవడానికి నాకు టైము దొరికింది. అంత టైము నాకు అవసరం లేదు. వెనక నుంచి నేను ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను, సర్వరులో సమస్య వచ్చిందని, సాంకేతిక కారణాలని, ఇలాంటివి పెద్ద పెద్ద కంపెనీలకు కూడా తప్పవని.

ప్రిన్సిపాల్‌గారి గదిలో ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ నర్సింగ్ చదివి నర్సింగ్ చెప్పేవాళ్లే. బల్ల మీద ల్యాప్‌టాప్, అందులో పుర్రె. పక్క కుర్చీలో మోటార్ స్కూలు ఆయన, సఫారీ సూటు వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చిన కుర్రాడిలా ఉత్సాహంగా ఉన్నాడు. ఆయన వెబ్‌సైట్ అప్పటికే చూసేశారట. అందులో కార్లు వాటంతట అవే తిరుగుతాయట. ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు పైకి తోసి, పుర్రె వైపు చూపించి, ఇదేమిటని హిందీలో అడిగారు.

నేను గొంతు సవరించుకుని, "మేడం, సర్వరు..." అని మొదలుపెట్టాను.

"సర్వరు కాదు మేడం" అంది స్కూటీ దీదీ. హిందీలోనే, బజార్లో కూర బేరమాడుతున్నంత మామూలుగా. "ఈ పేజీలో ఒక అబద్ధం ఉంది. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవ్వరూ పడలేదని. మా బాబాయ్ చూసి ఆపేశారు. దిద్దేదాకా తెరవరు."

"ఎంతమంది పడ్డారు?"

"పదకొండు మంది. ఒకామెకి మణికట్టు విరిగింది." నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది.

ముగ్గురూ ఆ పుస్తకం మీదికి వంగారు. వాళ్లు రోజంతా రోగుల చార్టులు చదివే మనుషులు, అలాంటి పుస్తకం దొరికితే వదలరు. మలుపులో ముందు బ్రేకు పట్టి ఇద్దరు పడ్డారెందుకు అని ఒకావిడ, చీర కట్టుకునే వాళ్లకు వేరే నేర్పుతారా అని ఒకావిడ, నేర్చుకుని వెళ్లాక రోడ్డు మీద పడ్డవాళ్ల లెక్క ఏదని ప్రిన్సిపాల్‌గారు అడిగారు. ఇద్దరు పడ్డారని, అందులో ఒకామె ఫోన్ చేసి తిట్టిందని, ఆ తిట్టు సబబేనని, అప్పట్నుంచి వానలో కూడా ఒక క్లాసు పెడుతున్నానని ఈవిడ చెప్పింది.

ఆ తర్వాత ప్రిన్సిపాల్‌గారు సఫారీ సూటాయన వైపు తిరిగి, మీ దగ్గర ఎంతమంది పడ్డారని అడిగారు. ఒక్కరూ లేరని ఆయన చిరునవ్వుతో చెప్పాడు. పాపం, ఆయన కూడా ఎవరో మాస్టారి దగ్గర రాయించుకుని ఉంటాడు.

"ఈ అబద్ధం ఎవరు రాశారు?" అని ఆఖర్న అడిగారు ప్రిన్సిపాల్‌గారు.

నేను గోడ మీది ఎముకల గూడు పటం చూస్తున్నాను. మనిషిలో అన్ని ఎముకలుంటాయని నాకు అంతవరకు తెలీదు.

"క్లాసులో రాశారు మేడం" అంది ఆవిడ. నా వైపు చూడలేదు. చూస్తే బాగుండేదనిపించింది.

పని పూర్తిగా ఇచ్చెయ్యలేదు. ముందు పది మంది అమ్మాయిలు, ఒక నెల. ఆ నెలలో ఎవరు పడినా ఆ పుస్తకంలో రాసి వారం వారం చూపించాలి. నచ్చితే మిగతా హాస్టలంతా. మెట్లు దిగుతూ ఆవిడ బావగారికి ఫోన్ చేసి, ఒకటో తారీఖుకి వేరే మనిషిని చూసుకోమని చెప్పింది. రెండే ముక్కలు. ఫోన్ పెట్టేశాక మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయింది. నేను రెండు మెట్లు కింద నిలబడి, అభినందనలు అన్నాను. ఆవిడ తలూపింది. తిరుగుదారిలో లారీలు తక్కువగా ఉన్నాయి, మాటలు అంతకన్నా తక్కువ.

ఇప్పుడు మీలో ఎవరైనా ఇలాంటి క్లాసులు నడుపుతుంటే ఒక మాట. వెబ్‌సైట్ కట్టడం నేర్పడం కష్టమేమీ కాదు. పాఠం రెండు వారాల్లో అయిపోతుంది. మిగిలిన కాలమంతా మనం ఖాళీగా ఉంటాం, ఆ ఖాళీలోనే వాళ్ల బదులు మాట్లాడటం మొదలుపెడతాం. వాళ్లకు మాటలు లేక ఊరుకున్నారనుకున్నాను నేను. వాళ్ల దగ్గర పదకొండు పడ్డ లెక్క ఉంది, మూడు వేళ్ల లెక్క ఉంది. నేను తీరిగ్గా అడిగి ఉంటే పేజీ నిండేది. రిజిస్టరు ఉంటే చదవండి. చదవలేకపోతే కనీసం సంతకం పెట్టకండి.

గురువారం ఫోర్‌మన్‌గారు ఊరి నుంచి వచ్చారు. గృహప్రవేశం లడ్డూలు అందరికీ పంచారు. నేను ముందే రిజిస్టరులో, నా చేత్తో, 'నాలుగో లైను తీసివేయవలెను, తప్పు నాది' అని రాసి పెట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, దాని కింద సంతకం చేశారు. నాలా కాదు, చదివాకే. రైల్లో అలా మాట్లాడినందుకు ఏమీ అనుకోవద్దన్నారు. అనుకోలేదన్నాను. ఆ తర్వాత ఇద్దరం కాసేపు లడ్డూల గురించి మాట్లాడుకున్నాం.

అందరూ ఆయన కంప్యూటరు చుట్టూ చేరారు. ఆయన మూడు వేళ్ల చెయ్యి బల్ల మీద ఆనించి, కుడిచేత్తో తాళం కొట్టి, ట్యాగు తీశారు. ఎర్ర రంగు పోయింది. నా పాత వాక్యాలు ఒక్క క్షణం తెర మీద మెరిశాయి. ఆయన వాటన్నిటినీ వరసగా చెరిపేశారు. తెల్లటి పేజీ, దాని మీద ఆడుతున్న గీత మిగిలాయి.

ఇలాంటి తెల్ల పేజీ చూస్తే నాకు చేతులు ఊరుకోవు. నేర్చుకున్న బుద్ధి కూడా చాలా తాజాగా ఉంది. ఈసారి నిజాలే రాద్దాం, నిజాలనే అందంగా రాద్దాం అనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, చొక్కా చేతులు మడిచి, మొదటి వాక్యం పైకే అన్నాను: "పడటం నుంచి పైకి లేవడం దాకా, ఒక మహిళ సాగించిన మహా ప్రస్థానం..."

స్కూటీ దీదీ నా చేతుల కిందినుంచి కీబోర్డు మెల్లగా లాగి ఫోర్‌మన్‌గారి ముందు పెట్టింది.

"నేను చెప్తాను, బాబాయ్ కొడతారు. మీరు రాయకండి సర్."